ఉప్పునేలలో లిల్లీ నిద్ర

పూలమొక్క కొనేవాళ్లు పువ్వును చూసి కొంటారు. గులాబీ అయితే మొగ్గ చూస్తారు. మందార అయితే రంగు చూస్తారు. మల్లె అయితే వాసన చూస్తారు. దుంప కొనేవాళ్లకి ఆ వీలు లేదు. చేతిలో పెట్టేది ఎండిన ఉల్లిపాయలాంటి గోధుమరంగు ముద్ద. అందులోంచి తెల్లటి లిల్లీ కంకి వస్తుందో, నాలుగు ఆకులు వేసి ఊరుకుంటుందో తెలియాలంటే మూడు నెలలు ఆగాలి. అప్పటికి ఆ దుంప అమ్మినవాడు ఏ ఊళ్లో ఉంటాడో!

కృత్తివెన్నులో ఈ అనుమానానికి ఇంకొకటి తోడవుతుంది... ఉప్పు.

బందరు నుంచి పెడన మీదుగా 216 జాతీయ రహదారి పట్టుకుని తూర్పుగా వస్తే, కృష్ణా జిల్లా కొసన ఉండే మండలం ఇది. ఉప్పుటేరు దాటితే పశ్చిమగోదావరి. కొల్లేటి నీటిని సముద్రంలో కలిపే ఆ ఏట్లోకి పోటు సమయంలో సముద్రపు నీరు ఎదురెక్కి వస్తుంది. రోడ్డుకి రెండు పక్కలా ఒకప్పుడు వరిచేలు, పర్ర భూములు ఉండేవి. ఇప్పుడు చాలాచోట్ల కనుచూపు మేర చెరువులే. గిర్రున తిరిగే ఏరేటర్లు, గట్ల మీద మేత సంచులు, కాపలా పాకలు కనిపిస్తాయి. ఆ గట్ల మధ్య మిగిలిన ఊళ్లలో, ఇంటి ముందు నాలుగు గజాల వాకిట్లో, పొట్టి గోడ పక్కన పాత థర్మోకోల్ పెట్టెల్లో పూలమొక్కలు. రొయ్యల్ని ఐసులో పెట్టి పంపే పెట్టెలే ఇక్కడ కుండీలు. రొయ్యల మేత సంచులూ అంతే. సగానికి మడిచి, మట్టి నింపి, పక్కలకు చిల్లులు పెడితే ఏ సిమెంటు తొట్టికీ తీసిపోవు.

ఆ సంచుల్లో ఎక్కువమంది పెంచాలనుకునేది లిల్లీ. పుస్తకాల్లో నేల సంపెంగ అనీ, ఉత్తరాదిన రజనీగంధ అనీ అంటారు. మన పూలబజారులో మాత్రం లిల్లీ అంటేనే తెలుస్తుంది. నిజానికి అది లిల్లీ కాదు, సంపెంగా కాదు. మెక్సికో నుంచి వచ్చిన మొక్క. వృక్షశాస్త్రజ్ఞులు ఈమధ్య దాన్ని కిత్తలి ఉన్న ప్రజాతిలోకే చేర్చేశారు. అవును, చేల గట్ల మీద ముళ్లతో నిలబడి, నార ఇచ్చే ఆ కిత్తలే! వరలక్ష్మీ వ్రతం నాటి దండలోని సుకుమారమైన పువ్వుకి, కంచెకు పెట్టే ముళ్లమొక్క దాయాది అన్నమాట.

ఏ నీళ్లు పోశారు?

మొక్కల వ్యాను ఊళ్లోకి రాగానే మైకు వినిపిస్తుంది. గోదావరి అవతలి కడియం నర్సరీల సరుకు ఇలాంటి చిన్న వ్యాన్లలో ఊరూరా తిరుగుతుంది. వెనక తలుపు తెరిస్తే గులాబీలు, క్రోటన్లు, అంటుమామిడి మొక్కలు ఉంటాయి. ఓ మూల గోనెసంచిలో దుంపలు ఉంటాయి. వ్యాను చుట్టూ చేరిన ఆడవాళ్లకీ, అమ్మే మనిషికీ మధ్య నడిచే మాటలు దాదాపు ఏటా ఒకటే.

‘‘ఏమయ్యా, పోయినేడు నీ దగ్గర తీసుకున్నవి ఒక్కటీ పూయలేదు.’’

‘‘నీళ్లు పోశారా అక్కా?’’

‘‘పోయక? రోజూ పోశాను.’’

‘‘ఏ నీళ్లు పోశారు?’’

అసలు ప్రశ్న అదే. ఈ తీరంలో నీళ్లు ఒక రకం కాదు. బోరు నీళ్లు ఉంటాయి, చాలాచోట్ల నోట పెట్టలేం. కాలువ నీళ్లు ఉంటాయి, అవి వచ్చినప్పుడే. ఊరి మంచినీళ్ల చెరువు నుంచి కుళాయికి వచ్చేవి ఉంటాయి, వాటికి బిందెల లెక్క. కొనుక్కునే క్యాను నీళ్లు ఉంటాయి, అవి తాగడానికే. వాన నీళ్లు ఉంటాయి, అవి పట్టుకున్నవాళ్లకి. ఒక్క లిల్లీ కుండీకి ఇందులో ఏవి పోయాలన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ మే నెలలో రెండు బిందెలతో ఇల్లు గడపాల్సిన ఇల్లాలికి అది చిన్నదేం కాదు.

కృష్ణా డెల్టాకు 1855లో విజయవాడ ఆనకట్ట వచ్చింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అక్కడ వదిలిన నీరు ఎన్ని చేలు తడిపి, ఎన్ని తూములు దాటి ఇక్కడికి రావాలో! శివారు ఆయకట్టు అనే మాటలోనే ఈ ప్రాంతపు కష్టమంతా ఉంది. జూన్‌లో కాలువలకు నీరు వదిలారని పేపర్లో చదివిన చాలారోజులకు గానీ శివారు తూము దగ్గర తడి కనిపించదు. ఎండాకాలం కాలువ కట్టేశాక ఉన్నదల్లా నేలలోని ఉప్పు, దాని మీద ఎండ.

ఆ ఎండే ఉప్పును పైకి లాగుతుంది. పైమట్టి ఎండుతున్న కొద్దీ కింది తేమ వత్తిలో నూనెలా పైకి ఎగబాకుతుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో నేల మీద తెల్లగా బూజులా కనిపించేది అదే. ఉప్పునీటి చెరువులు పక్కనే ఉంటే ఊట కూడా తోడవుతుంది. ఈ ప్రాంతానికి టైగర్ రొయ్య వచ్చింది, రోగాలతో దెబ్బతింది. 2009లో దేశంలోకి వనామీని అనుమతించాక చెరువులు మళ్లీ పుంజుకున్నాయి. వాటి మీద ఎన్ని కుటుంబాలు నిలబడ్డాయో ఇక్కడెవరినడిగినా చెబుతారు. అయితే చెరువుకీ ఇంటికీ మధ్య గట్టు ఎంత సన్నబడితే పెరట్లో మొక్కకి అంత గండం. ఆ సంగతి మాత్రం ఎవరూ లెక్కలో రాసుకోరు.

ఉప్పు మొక్కనేం చేస్తుంది? మాగాయ పెట్టిన ఇంట్లో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. మామిడి ముక్కలకు ఉప్పు కలిపి జాడీలో పెడితే మర్నాటికి ఊట తేలుతుంది. ముక్కలోని నీటిని ఉప్పు బయటికి లాగేస్తుంది. మట్టిలో ఉప్పు ఎక్కువైతే వేరుకీ అదే గతి. చుట్టూ తడి ఉంటుంది కానీ తాగలేదు. ఆకు కొసలు మాడిపోతుంటే నీళ్లు చాల్లేదనుకుని ఇంకో చెంబు అవే ఉప్పునీళ్లు పోస్తాం. దాంతో పరిస్థితి మరింత చెడుతుంది.

మరి లిల్లీకి ఇక్కడ చోటే లేదా? ఉంది. దాని నిద్ర తెలిసినవాళ్లకి ఉంది.

దుంప అంటే ఓ జాడీ

తెలుగులో అన్నిటినీ దుంప అనేస్తాం కానీ లోపల తేడాలున్నాయి. అడ్డంగా కోస్తే ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఉండేవి కొన్ని... అమరిల్లిస్, వాన లిల్లీ ఈ రకం. గ్లాడియోలస్ దుంపకు పొరలు ఉండవు, గట్టి కండ. మెట్ట తామర దుంప అల్లం కొమ్ములా అడ్డంగా పాకుతుంది. కంద సంగతి మనకు తెలిసిందే. అదీ పూస్తుంది, కాకపోతే ఆ పువ్వు వాసన చుట్టుపక్కల ఎవరినీ నిలవనివ్వదు! లిల్లీ దుంపకు పైన ఉల్లిపొరల్లాంటివి ఉంటాయి, అడుగున కండ ఉంటుంది.

ఆకారం ఏదైనా పని ఒకటే. మంచి రోజుల్లో సంపాదించిన తిండిని దాచుకుని, చెడ్డ రోజుల్లో నేలకింద కళ్లు మూసుకుని పడుకోవడం. ఆవకాయ జాడీలాంటిది దుంప. ఏడాదిలో కొన్ని నెలలు నీళ్లు లేని చోట అంతకంటే తెలివైన మొక్క ఏముంటుంది?

లిల్లీ దుంప కొనేటప్పుడు చూడాల్సినవి చాలా లేవు. పరిమాణం ముఖ్యం. అడ్డంగా అంగుళం ఉండాలి, పెద్ద ఉసిరికాయంత అనుకోవచ్చు. అంతకన్నా చిన్నది ఆ ఏడాది ఆకులే వేస్తుంది. మోసం కాదది, దానికి ఇంకా వయసు రాలేదంతే. చేత్తో పట్టుకుంటే గట్టిగా, చూసినదానికన్నా బరువుగా అనిపించాలి. బొటనవేలితో అడుగున నొక్కితే మెత్తగా దిగిందంటే కుళ్లు మొదలైనట్టే. ముక్కు దగ్గర పెట్టుకున్నా తెలిసిపోతుంది. పైపొర ఊడినా పర్వాలేదు. ఒక సంగతి మాత్రం తప్పకుండా అడగాలి. తవ్వి ఎన్నాళ్లయింది? నేల నుంచి తీసిన దుంపకు కనీసం నెల రోజుల విశ్రాంతి కావాలి. నిన్న తవ్వి ఇవాళ అమ్మినదాన్ని వెంటనే నాటితే మొలక సరిగ్గా రాదు.

ఇక పూసిన దుంప మళ్లీ పూయదన్నది చాలామందికి తెలీని విషయం. తల్లి దుంప ఒక్కసారే కంకి వేస్తుంది. దాని చుట్టూ పుట్టిన పిల్లలు మరుసటి కాపు ఇస్తాయి. ఎండిన పూకాడ మధ్యలో మొండిగా మిగిలిన పెద్ద దుంపను, ‘మంచి సైజు’ అని చూపించి అంటగడుతుంటారు. దాని నడుమ పాతకాడ గుర్తు ఉందేమో తిరగేసి చూడాలి.

రకాల విషయానికొస్తే సింగిల్, డబుల్ అని రెండు. ఒంటిరెక్క లిల్లీకి వాసన ఎక్కువ. దండలకూ, జడలోకీ అదే. ముద్దలిల్లీ గుత్తులకు, పూలకూజాలకు బాగుంటుంది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ శృంగార్, ప్రజ్వల్ లాంటి ఒంటిరెక్క రకాల్నీ, సువాసిని, వైభవ్ లాంటి ముద్ద రకాల్నీ విడుదల చేసింది. ప్రజ్వల్ మొగ్గ కొసన లేత గులాబీ ఛాయ ఉంటుంది, విచ్చుకుంటే తెలుపే. వ్యానులో అమ్మే మనిషికి ఈ పేర్లన్నీ తెలియకపోవచ్చు. ఇంటి వాడకానికి ఒంటిరెక్క ఏదైనా చాలు.

ట్యూలిప్ మాటేమిటి?

దుంప కొనుగోలులో ఈమధ్య కొత్త బెడద ఫోనులోంచి వస్తోంది. నీలిరంగు అమరిల్లిస్, ఏడురంగుల లిల్లీ, ఎర్రటి ట్యూలిప్... బొమ్మ చూస్తే ఆగబుద్ధి కాదు. నాలుగు రోజుల్లో చిన్న పెట్టె ఇంటికొస్తుంది. కరెంటు నీలం రంగులో పూసే అమరిల్లిస్ బొమ్మల్లోనే ఉంది, తోటల్లో లేదు. ట్యూలిప్ మాత్రం నిజమైన మొక్కే. కానీ ఇక్కడ నాటితే డబ్బు నేలలో పాతిపెట్టినట్టే.

కారణం చలి. ట్యూలిప్ దుంప లోపలి మొగ్గ ఎదగాలంటే మూడు, నాలుగు నెలలు గట్టి చలి తగలాలి. మన తీరంలో సంక్రాంతి నాడు దుప్పటి కప్పుకున్నా ఆ చలి దానికి సరిపోదు. శ్రీనగర్‌లో దాల్ సరస్సు పక్కన ఉన్న ట్యూలిప్ తోటలో లక్షల దుంపలు పూస్తాయంటే, అక్కడ చలికాలమంతా నేల గడ్డకట్టే చలి ఉంటుంది కాబట్టి. ఫ్రిజ్‌లో కూరగాయల అరలో దాచి పూయించేవాళ్లు లేకపోలేదు. ఆ పువ్వు కూడా మన ఎండకు నాలుగు రోజుల ముచ్చటే.

ట్యూలిప్ అనగానే గుర్తొచ్చే డచ్చివాళ్లకి ఈ తీరం కొత్త కాదు. డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడ 1605లో మచిలీపట్నం వచ్చింది, కొద్దికాలానికే ఇక్కడ వాళ్ల వర్తక స్థావరం వెలిసింది. తీరంలోని పూలచెట్ల బొమ్మల కలంకారీ గుడ్డలు ఓడలెక్కి వెళ్లేవి. ఇక్కడ గుడ్డ బేరాలు జోరుగా సాగుతున్న రోజుల్లోనే, అక్కడ హాలెండులో ట్యూలిప్ దుంపల మీద జనం వెర్రెక్కి బేరాలాడారు. నేలలో ఉన్న దుంపను చూడకుండానే కాగితాల మీద చేతులు మార్చారు. 1637 ఫిబ్రవరిలో ధర ఒక్కసారిగా కూలింది. దేశమంతా దివాలా తీసిందన్నది తర్వాతివాళ్లు పెంచిన కథేనని ఇప్పటి చరిత్రకారులు తేల్చారు. చూడని పువ్వుకి ముందే డబ్బు కట్టిన మాట మాత్రం నిజమే. బందరులోని డచ్చి సమాధుల మీద చెక్కిన రాళ్లు నేటికీ ఉన్నాయి, పురావస్తు శాఖ రక్షణలో. ఆ పక్క నేలలో ఉప్పుకి ఓర్చుకునే మొక్కలే మొలుస్తాయి.

కాలువ కట్టాక...

మళ్లీ లిల్లీ దగ్గరికొద్దాం. మైదానాల్లో ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో నాటుకోవచ్చని సాగు పుస్తకాలు చెబుతాయి. గుడివాడ వైపో, ఉయ్యూరు వైపో మంచినీటి బావి ఉన్నవాళ్లకి అది సరైన సలహాయే. కృత్తివెన్ను, ఇంతేరు, నీలిపూడి, చినపాండ్రాక వైపు వాళ్లు మాత్రం ఆ పేజీ తిప్పేయడం మేలు. ఆ నెలల్లో ఇక్కడ ఉప్పు పైకొస్తుంది, నీరు వెనక్కి పోతుంది. మార్చిలో వ్యాను వస్తే దుంప కొనొచ్చు, నాటకూడదు.

దుంపకు నెలల తరబడి నీళ్లు అక్కర్లేదు. ఈ ఊళ్లలో నెలల తరబడి నీళ్లు ఉండవు. ఈ రెండింటినీ ఒకచోట కలపడమే ఇక్కడి కిటుకు. కాలువ కట్టేసే రోజుల్లో దుంపను పడుకోబెట్టాలి. వానలు నేలను కడిగాక లేపాలి.

మృగశిర వెళ్లి ఓ రెండు గట్టి వానలు పడనివ్వాలి. ఆ వానకు పైమట్టిలోని ఉప్పు కొంత కిందికి దిగుతుంది. అప్పుడు కూడా నేరుగా నేలలో కాకుండా జానెడు ఎత్తు మడి కట్టుకుని నాటాలి, లేదంటే సంచులు, పెట్టెల్లో. రెండు పాళ్లు మట్టి, ఒక పాలు కాలువ ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు. పచ్చి పేడ వేస్తే దుంప ఉడికిపోతుంది. ఒకప్పుడు ఎండిన చెరువు అడుగు మట్టి తెచ్చి పెరట్లో వేసేవారు, బలమని. మంచినీళ్ల చెరువు మట్టికి ఆ మాట ఇప్పటికీ చెల్లుతుంది. ఉప్పునీటి రొయ్యల చెరువు ఎండగట్టినప్పుడు తీసిన నల్లమట్టికి చెల్లదు. చూడ్డానికి అచ్చం ఎరువులాగే ఉంటుంది, నిండా ఉప్పు. కొబ్బరి పొట్టు కొంటే దాన్నీ రెండుమూడు సార్లు మంచినీళ్లలో కడగాల్సిందే, ఉప్పునీళ్లలో నానిన పీచు నుంచి వచ్చిందై ఉండొచ్చు.

మొన పైకి ఉండేలా రెండు మూడు అంగుళాల లోతున, జానెడుకొకటి. పెట్టె అడుగున చిల్లులు తప్పనిసరి. దుంపమొక్కల్లో ఎండకు చచ్చేవాటికన్నా నీళ్లు నిలిచి చచ్చేవే ఎక్కువ. మొలక వచ్చేదాకా నీళ్లు కొద్దిగా చాలు. తర్వాత రోజూ చిలకరించడం కన్నా, మూడు నాలుగు రోజులకోసారి అడుగు చిల్లులోంచి కారేదాకా పోయడం మంచిది. చిలకరిస్తే ఉప్పు పైనే పేరుకుంటుంది. నిండా పోస్తే తనతో పాటు కిందికి తీసుకుపోతుంది. బియ్యం కడిగిన నీళ్లు పోయొచ్చు, ఉప్పు వేసి ఉడికించిన కూరల నీళ్లు వద్దు. మీద వరిగడ్డి కప్పితే తేమ ఆగుతుంది.

చూరు నీళ్లు పట్టుకునే అలవాటు ఉన్న ఇళ్లకి ఇదంతా సులువు. తీరంలోని ఇసుక మేటల్లో దొరువులని ఉంటాయి. లోతు లేని గుంటలు. వాన నీరు ఉప్పునీటికన్నా తేలిక కాబట్టి ఇసుకలో దాని మీద తేలి ఉంటుంది. లోతుగా తవ్వకుండా ఆ పైనీటినే తోడుకోవడం పాతకాలపు నేర్పు. బాపట్లలోని ఉప్పునేలల పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఆ దొరువునే మెరుగుపరిచి రైతులకు చూపించారు. ఆశపడి బోరు దింపినవాడికి ఉప్పు, ఓపికగా గుంట తవ్వినవాడికి మంచినీరు... ఇసుక నేలల్లో చాలాచోట్ల జరిగే విచిత్రం ఇది. మట్టిలో ఉప్పెంతో తెలుసుకోవాలంటే గుప్పెడు మట్టి పరీక్షకు ఇస్తే సరి. ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రం ఈ జిల్లాలోనిదే. కాగితం మీద విద్యుద్వాహకత అనే అంకె నాలుగు దాటితే ఉప్పునేల కిందే లెక్క.

జూన్ చివర నాటింది దసరా నాటికి కంకి తొడుగుతుంది. నాటిన 80 రోజుల నుంచి వంద రోజుల లోపు మొదటి పువ్వు. కింది నుంచి పైకి రోజుకు రెండు మూడు చొప్పున విచ్చుకుంటాయి. పొద్దుగూకాక వాసన ఎక్కువ, రాత్రి తిరిగే పురుగుల్ని పిలవడానికి. దండకు కావాలంటే తెల్లవారుజామునే కోయాలి.

ఆ సమయంలోనే గండమూ వస్తుంది. అక్టోబరు, నవంబరు నెలలంటే తుపాన్లు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను ఉప్పుటేరుకు అవతల నరసాపురం దగ్గర తీరం దాటింది. 1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెన, 1977 నవంబరు 19న దివిసీమను ఊడ్చేసిన ఉప్పెన ఈ తీరంలో కథలుగా కాదు, తేదీలుగా గుర్తుంటాయి. మనుషులు పోయిన చోట పూలమొక్క గురించి ఎవరూ ఏడవరు. కానీ ఉప్పెన వెళ్లాక నేల ఏమవుతుందో ఇక్కడి రైతుకు బాగా తెలుసు. ఒక్కరాత్రి వచ్చిన సముద్రపు ఉప్పు పోవడానికి వానలు పడాలి, కాలువ నీరు పారాలి, కాలం గడవాలి.

మామూలు తుపాను వానకు లిల్లీ కంకి విరుగుతుంది, దుంప విరగదు. మడిలో నిలిచిన నీటికి దారి తీస్తే మళ్లీ చిగురిస్తుంది. ఉప్పునీరు ఎక్కితే మాత్రం ఆలోచించకూడదు. వెంటనే తవ్వి, మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టాలి. వానల తర్వాత ఆకుల మొదట్లో తెల్లటి దారాల్లాంటి బూజు, దాని మీద ఆవగింజల్లాంటి గోధుమరంగు గుళ్లు కనిపిస్తే అది మొదలుకుళ్లు. ఆ మొక్కను చుట్టూ ఉన్న మట్టితో సహా తీసేయాలి, ఆ చోట మళ్లీ నాటకూడదు. వేళ్లకు బుడిపెలు కడితే నులిపురుగుల పని. వేపపిండి వేయడం, పక్కన బంతి మొక్కలు పెట్టడం తేలికైన ఉపాయాలు. బంతి ఎలాగూ సంక్రాంతికి గొబ్బెమ్మల మీదకు పనికొస్తుంది.

పోయకుండానే పూసేవి

ఇంత చాకిరీ ఎవరు చేస్తారు అనుకునేవాళ్లకి వేరే దుంపలున్నాయి. సాలీడు కాళ్లలాంటి తెల్లరేకుల స్పైడర్ లిల్లీ, పెద్ద పెద్ద ఆకుల క్రైనమ్... రెండూ పుట్టుకతోనే తీరం మొక్కలు. క్రైనమ్ గింజ సముద్రం మీద తేలుతూ పోయి మరో ఒడ్డున మొలుస్తుంది. అలాంటిదాన్ని ఉప్పుగాలి ఏం చేస్తుంది! కుళాయి పక్కన మురుగు పారే చోట మెట్ట తామర పెడితే దాని బాగు అదే చూసుకుంటుంది. ఎర్రటి బంతిలా పూసే ఫుట్‌బాల్ లిల్లీ ఏడాదికి ఒక్కసారి, మే నెల ఎండల్లో, ఆకు లేని నేలలోంచి లేచి ఆశ్చర్యపరుస్తుంది. గ్లాడియోలస్ మాత్రం చల్లటి చోట దాచిన దుంపలతో అక్టోబరు తర్వాత నాటుకోవాల్సిందే, అదీ మంచినీళ్లుంటేనే.

ఇక వాన లిల్లీ. దీన్ని కొనడం అనవసరం. ఎవరింట్లో ఉన్నా, ఓ గుప్పెడు పీకి ఇస్తారు. ఎండాకాలమంతా ఎండిన గడ్డిలా పడి ఉంటుంది. మొదటి వాన పడ్డ కొద్దిరోజులకే గులాబీ, తెలుపు, పసుపు రంగుల్లో ఒక్కసారిగా లేస్తుంది. కుళాయి నీళ్లు ఎన్ని పోసినా అంత ఠంచనుగా లేవదు.

పిల్లలూ, మేకలూ ఉన్న ఇళ్లకు ఒక హెచ్చరిక. ఉల్లిపాయలా కనిపించే ఈ లిల్లీ జాతి దుంపలు చాలావరకు విషం. కడుపులో తిప్పి వాంతులు పట్టుకుంటాయి. మంటలాంటి పువ్వులు పూసే అడవినాభి దుంప అయితే ప్రాణమే తీస్తుంది. దాచేటప్పుడు వంటింటి ఉల్లిపాయల బుట్ట దగ్గర ఏ దుంపనూ పెట్టకూడదు.

సంక్రాంతి వెళ్లాక లిల్లీకి నీళ్లు తగ్గిస్తూ రావాలి. పచ్చగా ఉన్నదాన్ని ఎండగట్టడానికి చాలామందికి చేతులు రావు. అక్కడే పొరపాటు జరుగుతుంది. ఆకులోని సత్తువ దుంపలోకి దిగడానికి ఆ ఎండు కావాలి. ఆకులు పసుపెక్కి వాలిపోయాక, మాఘం చివర్లో, పలుగుతో కాకుండా చేత్తో మట్టి వదులు చేసి గుత్తిని పైకి తీయాలి. ఒక్కటి నాటిన చోట గుత్తు నిండా పిల్లలు ఉంటాయి. మట్టి దులిపి, నీడలో పరిచి, వారం పదిరోజులు ఆరనివ్వాలి. కడగకూడదు. ఆరాక పొడి ఇసుకలో కలిపి, ఉల్లిపాయలు వచ్చే వలసంచిలోనో, చిల్లులున్న మేత సంచిలోనో పోసి గాలి ఆడే వసారా దూలానికి వేలాడదీస్తే చాలు. అప్పటికి కాలువ కట్టే రోజులు దగ్గరపడతాయి. బిందెలు వరసకట్టే మూడు నాలుగు నెలలూ ఆ సంచి ఒక్క చెంబు నీళ్లు అడగదు. నెలకోసారి దించి, మెత్తబడ్డవి ఏరేస్తే సరిపోతుంది.

గుత్తిలోంచి పెద్దవి ఏరి, తొలకరికి నాటడానికి విడిగా పెట్టుకోవాలి. ఇంట్లో చోటు చాలనివి పుట్టింటికొచ్చిన ఆడపిల్ల చేతిలో పెట్టొచ్చు. గుడివాడలోనో భీమవరంలోనో మంచినీళ్ల కుళాయి కింద అవి ఇంకా బాగా పూస్తాయి. చిక్కుడు గింజంత ఉన్న చిన్నవాటిని మాత్రం పారేయకూడదు. ఓ మూల పెట్టెలో దగ్గరదగ్గరగా నాటి వదిలేస్తే ఆ ఏడాది ఆకులేసి బలుస్తాయి, పై ఏడాది దసరాకు పూతకొస్తాయి.